వంత ఆగిన చోట

మా అబ్బాయి హైస్కూల్లో ఉన్న రోజుల్లో కారులో ర్యాప్ పెడితే "ఆ గోల ఆపరా" అనేవాణ్ణి. 2016 చివర్లో వాడే ఒక సీడీ తెచ్చిచ్చి, "ఒక్కసారి మొత్తం విను నాన్నా" అన్నాడు. విన్నాక నా అభిప్రాయం మార్చుకోక తప్పలేదు.

అది 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' బృందం ఆఖరి ఆల్బం, 'వీ గాట్ ఇట్ ఫ్రమ్ హియర్... థాంక్ యూ ఫర్ యువర్ సర్వీస్'. న్యూయార్క్ క్వీన్స్ కుర్రాళ్ళు మొదలుపెట్టిన ఈ బృందం తొలి ఆల్బం 1990లో వచ్చింది. పాత జాజ్ రికార్డుల ముక్కలను మళ్ళీ మళ్ళీ తిప్పి, వాటిమీద మాటలు పేర్చడం వీళ్ళ బాణీ. 1991 నాటి 'ద లో ఎండ్ థియరీ'లో జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్ చేత బేస్ వాయించుకున్నారు కూడా. 1998లో విడిపోయారు. మళ్ళీ ఆల్బం రావడానికి 18 ఏళ్ళు పట్టింది.

పాత బాణీకి తిరిగిరావడమంటే పాత పాటల్ని మళ్ళీ వండి వడ్డించడం కాదని ఈ ఆల్బం చెబుతుంది. బృంద నాయకుడు క్యూ-టిప్ ఒక నియమం పెట్టాడు: ఎవరి ఊళ్ళో వాళ్ళు పాడి ఈమెయిల్లో పంపితే కుదరదు, న్యూజెర్సీలో తన ఇంటి స్టూడియోకి రావలసిందే. అందుకే ఇందులో ఒకరి నోట్లోని మాటను ఇంకొకరు లాక్కుంటారు. బుర్రకథ చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కథకుడు ఊపిరి తీసుకునేలోపు వంత అందుకోవాలి. ఆ అందుకోవడంలోనే ఉంది ప్రాణం.

ఆ వంత ఫైఫ్ డాగ్. ట్రినిడాడ్ నుంచి వలస వచ్చిన కుటుంబం బిడ్డ. మధుమేహంతో చాలాకాలం బాధపడి, రికార్డింగు సాగుతుండగానే 2016 మార్చి 22న పోయాడు. అప్పటికి వయసు 45. అతను పాడి ఉంచిన చరణాలు ఆల్బంలో నవ్వుతూ వినిపిస్తాయి. 'బ్లాక్ స్పాస్మాడిక్'లో అయితే క్యూ-టిప్, పోయిన మిత్రుడే తనతో మాట్లాడుతున్నట్టు అతని మాటలు తానే పలుకుతాడు. వంత లేని కథకుడు వంత పాత్ర కూడా మోయడం! అక్కడ నాకు గొంతు పట్టేసింది.

లోపాలు లేవనను. 16 పాటల్లో అతిథుల సందడి ఎక్కువైంది. రెండో సగంలో కొన్నిచోట్ల అసలు బృందాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

అమెరికా ఎన్నికలు జరిగిన మూడో రోజున, 2016 నవంబరు 11న ఇది విడుదలైంది. 'వీ ద పీపుల్' పాట పల్లవిలో నల్లవాళ్ళని, మెక్సికన్లని, ముస్లింలని, పేదవాళ్ళని వెళ్ళిపొమ్మనే గొంతుని ఎగతాళిగా అనుకరిస్తారు. మొదటిసారి విన్నప్పుడు, ఇది మన గురించి కాదులే అనుకున్నాను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, నా దేశం నుంచి పొమ్మంటూ ఒకడు మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపాడు. ఆ తరువాత ఆ పల్లవిని వేరేగా వినడం నేర్చుకున్నాను.

మనమూ పాతపాటల కచేరీలు చేసుకుంటూనే ఉంటాం. ఘంటసాలను తలుచుకుని కళ్ళు తుడుచుకుని ఇంటికి పోతాం. ఈ బృందం పాత బాణీని కళ్ళు తుడుచుకోవడానికి వాడుకోలేదు, ఆనాటి మాట ఆనాడే అనడానికి వాడుకుంది. సీడీ ఇప్పటికీ నా కారులోనే ఉంది. మా వాడు తిరిగి అడగలేదు.