ఫుట్‌పాత్ మీద ఫస్ట్ పేజీ

వాషింగ్టన్‌లో పెన్సిల్వేనియా అవెన్యూ మీద న్యూజియం అని ఒక మ్యూజియం ఉండేది. వార్తల కోసం, వార్తలు రాసేవాళ్ల కోసం కట్టింది. ఆ భవనాన్ని 2008లో తెరిచారు, 2019 డిసెంబరు 31న మూసేశారు. అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు వాషింగ్టన్ వెళ్తే వైట్‌హౌస్ ముందు ఫొటో దిగి, విమానాల మ్యూజియం చూసి, దీని ముందు నుంచే నడిచి వెళ్లిపోయేవాళ్లు. కారణం టిక్కెట్టు. దాదాపు పాతిక డాలర్లు. దగ్గర్లోని స్మిత్సోనియన్ మ్యూజియాలన్నీ ఉచితం. రోడ్డు దాటితే నేషనల్ గ్యాలరీ, అదీ ఉచితమే. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు మనకు అంత తొందరగా వదలదు కదా!

నేను పత్రికాఫీసు డెస్క్ మనిషిని. కంట్రిబ్యూటర్లు పంపిన కాపీ దిద్ది, హెడ్డింగు పెట్టి, పేజీలో కూర్చోబెట్టడం తప్ప వేరే పని చేతకాదు. "పేపర్లు చూడ్డానికి పాతిక డాలర్లా నాన్నా?" అని మా అబ్బాయి నసిగినా సరే, లోపలికి వెళ్లాల్సిందేనన్నాను. తీరా చూస్తే గేటు బయటే కాళ్లు ఆగిపోయాయి.

ఫుట్‌పాత్ పొడుగునా అద్దాల వెనుక ఆ రోజు పత్రికల మొదటి పేజీలు వరసగా పెట్టి ఉన్నాయి. రోజుకు 80. అమెరికాలోని ఒక్కో రాష్ట్రం నుంచి కనీసం ఒకటి, కొన్ని విదేశాలవి. రాత్రి పేజీ పూర్తికాగానే ఆయా పత్రికలు దాన్ని పంపిస్తే, మ్యూజియం వాళ్లు పెద్ద సైజులో ప్రింటు తీసి పొద్దున్నే మార్చేవాళ్లు. దారినపోయేవాళ్లు కాఫీ కప్పు చేత్తో పట్టుకుని తమ ఊరి పేపరు వెతుక్కుంటున్నారు.

నేను వార్తలు చదవలేదు. ఎవరు దేన్ని పైకెత్తారు, దేన్ని సింగిల్ కాలమ్‌లోకి నెట్టారు అని చూస్తూ నిలబడ్డాను. దేశమంతటికీ ఒకటే పెద్ద వార్త ఉన్నా ఒకడు దాన్ని బ్యానర్ చేశాడు. ఇంకొకడు మడతకు కింద పెట్టి, పైన తన ఊరి వరద ఫొటో పరిచాడు. మరొకడికి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు గెలవడమే ఆ పూట మహా విషయం. శ్రీకాకుళం ఎడిషన్‌కీ ఆదిలాబాద్ ఎడిషన్‌కీ పేజీలు కట్టినవాడికి ఇందులో వింతేమీ లేదు. అయినా ఇన్ని నిర్ణయాలు పక్కపక్కన నిలబెట్టి చూపించడం నేనెక్కడా చూడలేదు. ఈ వృత్తి గురించి ఆ మ్యూజియం చెప్పగలిగిన అసలు మాట అదే. దాన్ని టిక్కెట్టు లేకుండా బయటే చెప్పేసింది. వెబ్‌సైట్లో అయితే వందల పత్రికల పేజీలు, అవీ ఊరికే.

లోపల వైభవానికి లోటు లేదు. బెర్లిన్ గోడ ముక్కలు ఎనిమిది, పక్కనే ఆ గోడకు కాపలా కాసిన టవరు. ఉగ్రవాదులు కూల్చిన న్యూయార్క్ జంట భవనాల్లో ఉత్తరపు దాని నెత్తిన ఉండిన యాంటెన్నా, మెలికలు తిరిగిపోయి ఉంది. దాని వెనుక గోడ నిండా 2001 సెప్టెంబరు 12 నాటి పేజీలు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ ఒక్క తిట్టుమాటనే అరపేజీ అక్షరాల్లో హెడ్డింగు చేసింది. నేనైతే ఒప్పుకునేవాణ్ని కాదు. ఆ రాత్రి ఆ డెస్క్‌లో కూర్చుని ఉంటే ఏమనేవాణ్నో మరి.

పిల్లలంతా పోగైంది మాత్రం టీవీ రిపోర్టరు ఆట దగ్గర. చేతికి మైకు ఇస్తారు. వెనక వైట్‌హౌస్ ఉన్నట్టు తెర మీద కనిపిస్తుంది. ఎదురుగా అక్షరాలు కదులుతుంటే చదవాలి. మా మనవరాలు తడబడకుండా చదివింది, మేం చప్పట్లు కొట్టాం. కానీ ఆ వాక్యాలు ఎవరో రాసిపెట్టినవి. అందులో నిజమెంతో అడిగే అవకాశం పిల్లకు లేదు. వచ్చినవాళ్లందరికీ వార్త చెప్పే ముఖం దొరికింది, దిద్దే పెన్ను దొరకలేదు. టచ్ స్క్రీన్ బల్ల మీద రెండు జట్లు పోటీపడి వృత్తి ధర్మం ప్రశ్నలకు జవాబు చెప్పే ఆట ఒకటి ఉండేది. గడియారం తరుముతుంటే తీర్పు చెప్పాలి కాబట్టి అది కాస్త మా పనికి దగ్గర. దాని చుట్టూ అంత మంది లేరు.

డెస్క్‌కు దక్కిన నిజమైన గౌరవం ఎక్కడంటే, బాత్‌రూముల్లో. పత్రికల్లో నిజంగా అచ్చయిన అపార్థపు హెడ్డింగులను అక్కడి గోడ పలకల మీద ముద్రించారు. చేతులు కడుక్కుంటూ జనం నవ్వుకుంటున్నారు. మన డెస్కుల్లో కొత్త సబ్ ఎడిటర్లకు ఇలాంటివి చెప్పే భయపెడతాం. "కలెక్టర్‌ను కలిసిన పిచ్చికుక్క బాధితులు" అన్న హెడ్డింగులో ఏ తప్పూ లేదు. చోటు చాలక రెండు లైన్లు చేసి, "బాధితులు" కింది లైన్లోకి దిగిందా, తెల్లారి కలెక్టరాఫీసు నుంచి ఫోను ఖాయం.

నవ్వుతూ పైకెళ్తే డాన్ బోల్స్ కారు. అరిజోనా రిపబ్లిక్ పత్రిక రిపోర్టరు ఆయన. 1976 జూన్ 2న ఫీనిక్స్‌లో ఆయన డాట్సన్ కారు కింద బాంబు పేలింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూశాడు. డ్రైవరు సీటు దగ్గర కారు ఎలా చీలిపోయిందో అలాగే ఉంచారు. ఆ తర్వాత జరిగింది నాకింకా గొప్పగా తోస్తుంది. పోటీ పత్రికల రిపోర్టర్లు పదుల సంఖ్యలో ఫీనిక్స్ వచ్చి, ఆయన వదిలి వెళ్లిన పరిశోధనను కలిసి కొనసాగించారు. ఎక్స్‌క్లూజివ్ కోసం కొట్టుకునే జాతి మాది, ఇది మామూలు విషయం కాదు.

విధి నిర్వహణలో మరణించిన పాత్రికేయుల పేర్లు ఎత్తైన అద్దాల మీద చెక్కారు. చివరికి 2,300కు పైగా అయ్యాయి. లెక్క 1837 నుంచి మొదలు. ఆ ఏడాది ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్‌లో ఎలైజా లవ్‌జాయ్‌ని అల్లరిమూక కాల్చి చంపింది. బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఎడిటరు. అప్పటికే మూడుసార్లు ఆయన ముద్రణ యంత్రాన్ని ధ్వంసం చేశారు, నాలుగోదాన్ని కాపాడుకుంటూ పోయాడు. అక్కడ నిలబడితే హైదరాబాదువాడికి షోయబుల్లా ఖాన్ గుర్తురాకుండా ఉంటాడా? ఇమ్రోజ్ పత్రిక ఎడిటరు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన చెయ్యి నరికి చంపారు.

ఇంత ఉన్న మ్యూజియం ఎందుకు మూతపడింది? డబ్బులేక. యూఎస్ఏ టుడే స్థాపకుడు అల్ న్యూహార్త్ పెట్టిన ఫ్రీడమ్ ఫోరమ్ దీని వెనకుంది. భవనానికి దాదాపు 45 కోట్ల డాలర్లయింది. చివరికి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి 37.25 కోట్లకు అమ్మేశారు. మధ్యలో గిఫ్ట్ షాపులో "ఫేక్ న్యూస్" టీషర్టులు పెట్టి, 2018లో పాత్రికేయులు మండిపడితే తీసేసి క్షమాపణ చెప్పారు. ఆదాయం కోసం ఏదైనా అమ్మాల్సి వచ్చే స్థితి మాకు తెలియనిదా? మంచి సరుకు బయట ఊరికే పెట్టి, లోపలికి రావడానికి ధర కట్టి, పక్కవాడు ఉచితంగా ఇస్తుంటే జనం ఎందుకు రావట్లేదని బాధపడటం. పత్రికల కథంతా ఆ ఒక్క భవనంలో జరిగిపోయింది. దాని ముందువైపు గోడ మీద అమెరికా రాజ్యాంగ మొదటి సవరణను 74 అడుగుల ఎత్తు పాలరాతి మీద చెక్కారు. ఆ రాళ్లను ఊడదీసి ఫిలడెల్ఫియాలోని రాజ్యాంగ కేంద్రానికి ఇచ్చేశారు.

మన దగ్గర ఎవరైనా ఇలాంటిది కట్టాలనుకుంటే యాంకరు కుర్చీ ఒక్కటీ వద్దంటాను. గుణింతాలకూ ఒత్తులకూ వేర్వేరు గడులున్న పాత కంపోజింగ్ కేసులు పెట్టండి. కంట్రిబ్యూటరు ఆర్టీసీ కండక్టరు చేతికిచ్చి పంపే న్యూస్ కవర్లు, బస్టాండులో వాటికోసం కాచుకుని కూర్చునే కుర్రాడు, అవీ ఉండాలి. వచ్చినవాళ్లను రాత్రి పదకొండున్నరకు డెస్క్ మీద కూర్చోబెట్టి, ఇరవై వార్తలిచ్చి, ఆరింటికే చోటుందని చెప్పండి. ఆరూ తేల్చుకున్నాక ఫోనులో బస్సు ప్రమాదం వార్త రావాలి. మృతులు ఎందరో పోలీసులు ఒక లెక్క, ఆస్పత్రి ఒక లెక్క, కంట్రిబ్యూటరు మరో లెక్క చెప్పాలి. పేజీ వదలడానికి పది నిమిషాలుండాలి. టిక్కెట్టు మాత్రం తప్పక పెట్టాలి, ఆ రోజు పేపరు ధర ఎంతో అంత. అదీ ఎక్కువేననేవాళ్లకు బయట గోడ మీద ఫస్ట్ పేజీలు ఎలాగూ ఉంటాయి.