క్లోమనాళంలో నెత్తురు

రక్తవాంతులతోనో, తారులాంటి నల్లటి విరేచనాలతోనో వచ్చిన రోగికి ఎండోస్కోపీ చేస్తే చాలా వరకు జీర్ణాశయపు పుండో, కాలేయం చెడినవారిలో అన్నవాహిక అడుగున ఉబ్బిన సిరలో బయటపడతాయి. అవేవీ లేకుండానే నెత్తురు పోతున్నప్పుడు వైద్యుడికి తట్టవలసిన అరుదైన జబ్బు హీమోసక్కస్ పాంక్రియాటికస్. క్లోమగ్రంథిని ఆనుకుని సాగే ప్లీహధమని గోడ ఏళ్లనాటి క్లోమపు వాపు (క్లోమశోథ) వల్ల బలహీనపడి, ఉబ్బి, క్లోమనాళంలోకి చిట్లినప్పుడు, రక్తం జీర్ణరసం వెళ్లే దారినే చిన్నపేగులోకి చేరుతుంది. లోయర్, ఫారెల్ 1931లో వర్ణించిన ఈ స్థితికి స్వీడన్ సర్జన్ ఫిలిప్ సాండ్‌బ్లోమ్ 1970లో ఈ పేరు పెట్టాడు.

దీని తీరు మోసకారిది. నాళంలో రక్తం గడ్డకట్టి ఒత్తిడి పెరిగితే పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంది. గడ్డ జారగానే నొప్పి తెరిపిస్తుంది, ఆ వెనుకే మలం నల్లబడుతుంది. ఎండోస్కోపీ వేళకు ధార ఆగిపోయి, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అందుకే నొప్పి ముందా, విరేచనం ముందా అని ఓపికగా అడిగిన వైద్యుడే సీటీ యాంజియోగ్రఫీ దాకా తొందరగా చేరతాడు.

తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో, కొసస్థలై నది ఆనకట్ట ఉన్న తామరైపాక్కం నుంచి, 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి వరకు గల తెలుగు కుటుంబాలకు ఇది బొత్తిగా పరాయి జబ్బు కాదు; మద్యం ముట్టనివారికి సైతం చిన్నవయసులోనే క్లోమనాళంలో రాళ్లు కట్టే ఉష్ణమండల క్లోమశోథ దక్షిణాదిన ఎరిగినదే. తిరువళ్లూరుకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినా, చిక్కు కేసుకు చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదుటి పెద్దాసుపత్రి దారి ఇంకా మూసుకోలేదు. అక్కడికి పంపే చీటీలో నాడి, హిమోగ్లోబిన్, ఎక్కించిన రక్తం యూనిట్లతోపాటు నొప్పి వరుస కూడా రాస్తే అవతలి వైద్యుడికి సగం పని తప్పుతుంది, రాసేవారు తక్కువ.

రక్తం ఎక్కించి రోగిని నిలబెట్టాక, తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి, ఉబ్బుకు ఇరువైపులా లోహపు కాయిల్స్‌తో ధమనిని మూయడమే నేటి తొలి మార్గం. అది ఫలించకపోయినా, రక్తపోటు నిలవకపోయినా కత్తి పట్టక తప్పదు. ఉబ్బు క్లోమపు తోకవైపు ఉంటే ఆ భాగాన్ని ప్లీహంతో సహా తీసేస్తారు. తలవైపు ఉంటే పని చాలా కష్టం, ఎందుకంటే వాపుతో అతుక్కుపోయిన కణజాలంలో ధమనిని విడదీయడమే గండం. ఎక్కడినుంచో తెలియకుండా కడుపు కోసి వెతకడం మాత్రం చివరి గత్యంతరంగానే మిగలాలి. ప్లీహం తీసినవారికి న్యూమోకాకల్ టీకా వేయించాలి, జ్వరం వస్తే అదే రోజు రమ్మని డిశ్చార్జి చీటీలో వారికి అర్థమయ్యే భాషలో రాయాలి.