‘చచ్చినవాని వేళ్లు’ - ఒక పేరు, ఒక పరిశీలన

ఈశాన్య అట్లాంటిక్ చలినీటిలో పెరుగు ఒక మెత్తని పగడమును ఇంగ్లీషువారు ‘చచ్చినవాని వేళ్లు’ అందురు. 1758లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయనామము ఆల్సియోనియం డిజిటేటం. ఇందులో వేళ్లున్నవే గాని శవము లేదు.

తుపానుకు ఒడ్డున పడిన తెల్లని ముద్దను చూచినవారికి ఆ వాడుకపేరు తగినదనియే తోచును. కాని అది ఒడ్డునపడిన దానిని వర్ణించును, నీటిలోని దానిని వర్ణింపదు. సీసాలోని నమూనాను చూపి పాఠము చెప్పువారిదీ ఇదే లోపము.

నీటిలో ఆ వేళ్లనిండ పువ్వులవంటి పాలిప్‌లు విచ్చుకొని యుండును. ఒక్కొక్క దానికి ఎనిమిది స్పర్శకములు; వాని అంచులు పక్షి ఈకలవలె చీలియుండును. ప్రవాహము తెచ్చు ప్లవకములే ఆహారము గనుక, నీరు వేగముగ పారు రాతిగోడలను, మునిగిన ఓడలను ఇది ఆశ్రయించును. గట్టి అస్థిపంజరము లేదు. మెత్తని దేహములో సున్నపు ముక్కలు మాత్రము పొదిగియుండును.

‘పగడములు వెచ్చని, లోతు తక్కువ నీటిలో శైవలములతో కలిసి జీవించును’ అను వాక్యము ఎన్నో పుస్తకములలో కలదు. ప్రవాళభిత్తికలు కట్టువానికి అది చాలవరకు చెల్లును, దీనికి చెల్లదు. దీని దేహములో శైవలములు లేవు. నవరత్నములలోని ఎర్రపగడమునకును లేవు. మధ్యధరా సముద్రపు మసకవెలుతురులో పెరుగు ఆ పగడము కూడ ఎనిమిది స్పర్శకముల జాతియే. భిత్తికలు కట్టువానికంటె ఈ మెత్తనిదే దానికి దగ్గరిచుట్టము. (వీనిని ‘పగడపు పురుగులు’ అనుట ఎప్పటికి మానుదుమో!)

ఆర్. జి. హార్ట్‌నాల్ 1975లో ప్రకటించిన అధ్యయనము ఈ సందర్భమున మెచ్చదగినది. దాని బలమంతయు ఓపికలోనున్నది: ఒక్కనాటి నమూనాతో తృప్తిపడక, ఐరిష్ సముద్రములోని ఐల్ ఆఫ్ మాన్ వద్ద ఈ జీవి వార్షికచక్రమును పట్టుకొన్నది. జూలై ప్రాంతమున పాలిప్‌లు ముడుచుకొనును. ఇంచుమించు డిసెంబరు దాక మేత లేదు. పైతోలు ఎర్రగోధుమరంగుకు తిరుగును, దానిపై శైవలములు, చిరుజీవులు మొలచును. చూచువారు చచ్చినదనియే అనుకొందురు. లోపల మాత్రము బీజకణములు పక్వమగుచునే యుండును. పిదప ఆ పొరను మొలకలతోసహా విడిచి, డిసెంబరు, జనవరి నెలలలో బీజకణములను నీటిలోనికి వదలును. పిల్లపాలిప్‌లు స్థిరపడువేళకు వసంతకాలపు ప్లవకసమృద్ధి అందివచ్చును.

అయితే ఆ తేదీలు ఒక తీరమునకు చెందినవి. నార్వేనుండి పోర్చుగల్ వరకు వ్యాపించిన జీవికి అంతటను అవే తేదీలని వ్రాయుట తొందరపాటు. నెల చూడకుండ సముద్రగర్భమును సర్వే చేయుట అంతకంటె చేటు. అక్టోబరులో ఒక్కమారు దిగి, ‘రోగము తగిలినది’ అని వ్రాసికొన్నవాడు ఫిబ్రవరిలో మరల దిగి చూడవలసియుండును.