పూటకూళ్లవాని యిల్లు

మన తెలుగు బైబిలులో క్రీస్తు జననమునొద్ద ‘సత్రము’ అనియున్నది. లూకా 10వ అధ్యాయపు మంచి సమరయుని ఉపమానములో మాత్రము ‘పూటకూళ్లవాని యిల్లు’ అనియున్నది. ఈ మాట మిక్కిలి తగినది. పెద్దాపురమున బుచ్చి సీతాయమ్మ మహారాణిగారు నెలకొల్పిన సత్రము ఉచితముగా అన్నము పెట్టినది. పూటకూళ్ల యింటనో, పూటపూటకు సొమ్ము చెల్లింపవలెను. అందుకే సమరయుడు మరునాడు రెండు దేనారములిచ్చెను. మత్తయి 20వ అధ్యాయమును చూడుడి: దేనారమనగా ఒక దినపు కూలి. పరునికై రెండు దినముల కూలి!

మన ప్రసంగములు తరచుగా నూనె, ద్రాక్షారసములయొద్దనే ఆగుచున్నవి. గాయము కట్టుట మొదటినాటి కనికరము; దేనారములు మరునాటి కనికరము. మంచముపట్టిన కూలివానికొరకు నిన్న ప్రార్థించితిరి, మేలే. నేడు అతని పొయ్యి వెలిగినదా?