సింహం పాటకు అసలు గొంతు

ఒక పాట ఖండాలు దాటి ఎందుకు పాకుతుందని ఎవరైనా అడిగితే, నేను ‘ఎంబూబె’ (అంటే సింహం) వినమంటాను. 1939లో జొహానెస్‌బర్గ్‌లోని గాలో స్టూడియోలో సోలమన్ లిండా, అతని ‘ఒరిజినల్ ఈవెనింగ్ బర్డ్స్’ బృందం పాడిన జూలూ పాట అది. ‘ది లయన్ కింగ్’ చూసిన మన పిల్లలకూ ఆ బాణీ నోటికి వచ్చు. లిండా పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

పాటలో ఉన్నవి మూడే కార్డ్‌లు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు. వెనుక గిటార్, బాంజో, పియానో ఉన్నా పనంతా గొంతులదే. మంద్రంలో ఒక్కడే పాడే పద్ధతిని మార్చి ముగ్గురిని నిలబెట్టింది లిండాయేనంటారు. ఆ ముగ్గురూ ఒకే చిన్న పలుకును తిప్పి తిప్పి పాడుతుంటే మూడో తిరుగుడుకల్లా భాష రానివాడు కూడా గొంతు కలుపుతాడు. పాట జనంలోకి వెళ్లే దారి అక్కడే పడింది. ఇక పైన లిండా! ఫాల్సెట్టో అనే సన్నటి పై గొంతుతో ఎక్కడ అందుకుంటాడో, ఎక్కడ వదులుతాడో ఊహకందదు. అరుపులా మొదలైనది చూస్తుండగానే రాగమవుతుంది. రికార్డు చివర్లో అప్పటికప్పుడు అతని నోట పుట్టిన కొద్ది క్షణాల పలుకే తర్వాత లోకమంతా పాడుకున్న బాణీ. మనోధర్మమంటే అది!

ఆ శైలికి ఈ పాట పేరే స్థిరపడింది. పనికోసం నగరాలకు వలస వచ్చిన జూలూ కార్మికుల హాస్టళ్లలో శనివారం రాత్రి మొదలైన పోటీలు తెల్లవార్లూ సాగేవి. మునివేళ్ల మీద మెత్తగా అడుగులేస్తూ పాడే ‘ఇసికతమియ’ ఆ వరసలోదే. దాన్ని 1986లో ‘గ్రేస్‌లాండ్’ ఆల్బమ్‌తో ప్రపంచానికి వినిపించిన జోసెఫ్ షబలాల బృందం ‘లేడీస్మిత్ బ్లాక్ మంబాజో’కు చేతులెత్తి మొక్కాలి. అన్ని గొంతులు అంత సన్నగా తగ్గి కూడా ఒక్కటి చెదరదు.

‘ఎంబూబె’ను అమెరికాలో వీవర్స్ బృందం పాడింది. 1961లో టోకెన్స్ బృందంవారు ఇంగ్లిష్ మాటలు చేర్చి, ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ అని పాడి మొదటి స్థానానికి ఎక్కించారు. లిండా గాలిలోకి విసిరిన పలుకును కొలతకు కోసి చరణంగా కుట్టేశారు. వినడానికి తీపిగానే ఉంటుంది, కానీ సింహం ఏదీ? గర్జన పోయింది, జోలపాట మిగిలింది. దాన్నే అసలనుకుని పాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. హక్కులు గాలో కంపెనీకి రాసిచ్చినందుకు లిండాకు ముట్టింది 10 షిల్లింగులని చెబుతారు. అదే కంపెనీలో రికార్డులు ప్యాక్ చేస్తూ బతికిన ఆ మనిషి 1962లో పేదవాడిగానే పోయాడు. 2000లో పాత్రికేయుడు రియాన్ మలాన్ ఈ కథ బయటపెట్టాడు. రచయిత పోయిన 25 ఏళ్లకు హక్కులు వారసులకు తిరిగి రావాలన్న 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం ఆధారంగా, 2004లో ‘ది లయన్ కింగ్’ తీసిన డిస్నీ మీద దావా పడింది. 2006లో రాజీ కుదిరింది. అప్పటికి పాట వయసు 67 ఏళ్లు.

బడి వార్షికోత్సవాల్లో ఈ పాటకు పిల్లల చేత అడుగులు వేయించే మాస్టార్లకు నాదొక విన్నపం: సాధన మొదలుపెట్టే ముందు 1939 నాటి రికార్డు ఒక్కసారి వినిపించండి, కార్యక్రమపత్రంలో పాట పక్కన సోలమన్ లిండా పేరు అచ్చువేయండి.