పిస్టన్ సెట్టు ఆఖర్న కొనండి

ఇంజను దింపిందే ఆలస్యం, "ముందు పిస్టన్ సెట్టు తెచ్చేయండి, బోరు తర్వాత కొట్టిద్దాం" అంటారు. ఈ వారం ఆ సలహా మళ్లీ చెవిన పడింది, మళ్లీ ఒళ్లు మండింది. కొలత మీద నాకున్న పట్టుదల ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా రొయ్యల గుంటల గట్ల మీద, సరుగుడు తోటల ఇసుక బాటల్లో తిరిగే పాత మహీంద్రా జీపుల దగ్గరకొస్తే ఆ పట్టుదల ఇంకా పెరుగుతుంది.

ఎండీఐ 3200 ఇంజనే తీసుకోండి. ఇంటర్నేషనల్ ట్రాక్టర్ల వంశంలోది, బోరు 88.9, స్ట్రోకు 101.6 మిల్లీమీటర్లు, మొత్తం 2,523 సీసీ. నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు రెండు వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఎయిర్ క్లీనర్ గొట్టం క్లిప్పు వదులైతే ఆ గాలితో పాటు సన్న ఇసుక లోపలికి పోతుంది. ఇసుక పోత ఇనుము కన్నా గట్టిది. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట ఆయిల్ పొర పలచన కాబట్టి బోరు అక్కడే ఎక్కువ అరుగుతుంది, అదీ గుండ్రంగా కాదు, కోలగా. నాలుగు బోర్లూ ఒకేలా అరగవు. అందుకే ఒక్కోదాన్నీ పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలవాలి. ఎక్కువ అరిగిన బోరును శుభ్రం చేయగల అతి చిన్న ఓవర్‌సైజు ఏదో తేలాకే పిస్టన్ కొనాలి. పిస్టన్లు చేతికొచ్చాక వాటి స్కర్టు కొలిచి, తయారీదారు చెప్పిన సందు మిగిలేలా హోనింగ్ చేయాలి. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. సందు తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే తడతడలాడుతుంది.

పెద్ద ఓవర్‌సైజు వేస్తే లాగుడు పెరుగుతుందనే వాదన ఉంది. బోరు అర మిల్లీమీటరు పెంచితే ఈ ఇంజనుకు కలిసొచ్చేది 28 సీసీ, నూటికి ఒక వంతు. పోయేది మళ్లీ బోరు కొట్టించడానికి మిగలాల్సిన గోడ మందం. సైజు సరిపోతే ఏ పిస్టనైనా ఒకటే అంటారు ఇంకొందరు. కాదు. గజన్ పిన్ను నుంచి పైతలం దాకా ఎత్తు, తలలోని గుంట లోతు పాత పిస్టన్‌తో సరిపోవాలి. కుదింపు నిష్పత్తి 17 అనుకుంటే, ఎత్తు అర మిల్లీమీటరు తగ్గితే చాలు, అది 16 లోపుకు పడిపోతుంది. చలి దేశమైతే పొద్దున్నే బండి మొరాయించి తప్పు బయటపెట్టేది. మన నెల్లూరు వేడిలో ఆ తప్పు దాక్కుంటుంది, డీజిల్ ఖర్చులో, పొగలో మెల్లగా తేలుతుంది.

చిన్న ఓవర్‌సైజే మేలన్న ఈ వాదన మామూలు రోడ్డు బండికి చక్కగా నిలుస్తుంది. ఇసుకలో బతికే జీపుకు మాత్రం నేను దానికి కట్టుబడలేను. దాని బోరు మళ్లీ అరిగేదే. అరిగిన ప్రతిసారీ గోడ పలచబడుతుంది, ఆ సైజు పిస్టన్ కోసం మళ్లీ వెతుకులాట. లైనర్ వేసే వీలున్న బ్లాకైతే కొత్త లైనర్లు ప్రెస్ చేయించి, స్టాండర్డ్ పిస్టన్లకు తిరిగి రావడమే నాకు సబబనిపిస్తోంది. ఖర్చు ఎక్కువన్నది నిజమే. లైనర్ కూర్చునే బ్లాకు రంధ్రం కోలగా ఉంటే, తుప్పు పట్టి ఉంటే ఆ డబ్బు దండగ అన్నదీ నిజమే. లైనర్ బ్లాకును అంతటా అంటుకోకపోతే వేడి బయటికి పోదు. కాబట్టి పాత లైనర్ ఊడదీశాక ఆ రంధ్రాన్ని కూడా కొలిపించాలి. ఎయిర్ క్లీనర్ గొట్టం పగిలి ఉంటే పిస్టన్ల బేరానికి వెళ్లేముందే మార్చాలి. హోనింగ్ అయ్యాక లేత్ వర్క్స్ చీటీ మీద నాలుగు బోర్ల కొలతలూ, నాలుగు పిస్టన్ల కొలతలూ విడివిడిగా రాయించుకోండి. రాసివ్వమంటే విసుక్కునే చోట బ్లాకు వదిలిపెట్టకండి.