ఒకవైపు హామీ

పత్రికలకు కథలు పంపేవాళ్లకు ఈ నాలుగు ముక్కలు కంఠతా వచ్చేసి ఉంటాయి. ‘ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు. మరే పత్రిక పరిశీలనలోనూ లేదు.’ కింద సంతకం, ఫోన్ నంబరు. ఈ హామీపత్రం జతచేయకపోతే చాలాచోట్ల కథ తెరిచి కూడా చూడరు.

చివరి వాక్యం దగ్గర నాకెప్పుడూ కాస్త గుర్రుగానే ఉంటుంది. మరెక్కడికీ పంపలేదని మనం రాసిస్తాం. ఫలానా తేదీలోగా ఏ సంగతీ చెబుతామని అటునుంచి మాట రాదు. వెనకటికి చిరునామా రాసి స్టాంపులంటించిన కవరు జతచేస్తే, కథ తిరుగుటపాలో వచ్చి పడేది. మనసు చివుక్కుమన్నా విషయం తేలిపోయేది. ఇప్పుడు మెయిల్ పంపాక నెలలు గడిచినా ఉలుకూ పలుకూ ఉండదు. కథ తాకట్టులో ఉన్నట్టే.

అలాగని ఒకే కథను రెండు చోట్లకు పంపకండి. ఖర్మ కాలి రెండింట్లోనూ అచ్చయితే ఇద్దరు ఎడిటర్ల దగ్గరా పేరు పోతుంది. గడువు మనమే పెట్టుకోవడం మేలు. నోట్‌బుక్‌లో కథ పేరు, పత్రిక, పంపిన తేదీ రాసుకోండి. మూడు నెలలు చూసి, మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. మరో నెల ఆగినా జవాబు లేకపోతే, ‘ఫలానా తేదీన పంపిన నా కథను పరిశీలన నుంచి ఉపసంహరించుకుంటున్నాను’ అని రాసేయండి. నిష్ఠూరాలు వద్దు, ఆ ఒక్క వాక్యం చాలు. రెండో పత్రికకు ఇచ్చే హామీ అప్పుడు నిజమవుతుంది.

‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అన్నదాన్నీ తేలిగ్గా తీసుకోకండి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా ప్రచురితం కిందే లెక్కవేసే పత్రికలున్నాయి. మిత్రుల మెప్పు కోసం తొందరపడితే అచ్చయ్యే అవకాశం చేజారుతుంది.

ఇక ఎడిటర్ వైపు నుంచీ చూడాలి. ఆదివారం అనుబంధంలో కథకిచ్చే చోటులోనే బొమ్మ పట్టాలి, ఒక్కోసారి ప్రకటన కూడా. పదిహేను వందల పదాలు అడిగితే మూడు వేలు పంపి, ‘మీకు తోచినట్టు కుదించుకోండి’ అనడం వాళ్ల పని పెంచడమే. అను ఫాంట్‌లో కొట్టిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. పత్రిక ప్రత్యేకంగా ఏదీ అడగకపోతే యూనికోడ్ వర్డ్ ఫైలే పంపండి. పండగ కథయితే దీపావళికి వినాయక చవితి నాటికి, ఉగాదికి సంక్రాంతి నాటికి వాళ్ల చేతికి అందాలి.

కథ అచ్చయితే హక్కులు పత్రికవైపోతాయని చాలామంది భయం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా సొంతంగా రాసుకున్న కథకు తొలి హక్కుదారు రచయితే. హక్కు బదలాయించాలంటే రాతకోతలు, మన సంతకం ఉండాల్సిందే. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుంది. అందుకే పోటీల ప్రకటనల్లో బహుమతి మొత్తం చూసి ఆగిపోకండి. ‘సర్వహక్కులూ మావే’ లాంటి షరతు కింద చిన్న అక్షరాల్లో ఉందేమో చూశాకే సంతకం పెట్టండి.

ఎడిటర్లకూ ఒక విన్నపం. వందల కథలు వచ్చిపడే చోట అందరికీ జవాబివ్వడం కుదరదు, నిజమే. రచనలు పంపే చిరునామా కిందే ఇంకో వాక్యం అచ్చు వేయండి: ‘మూడు నెలల్లో మా నుంచి కబురు రాకపోతే మీ రచన మరో పత్రికకు పంపుకోవచ్చు.’ మేమిచ్చే హామీకి బదులు హామీ ముడుతుంది. ‘నా కథ ఏమైందండీ’ అన్న ఫోన్లు మీకూ తగ్గుతాయి.